ఓఎస్ మళ్లీ వేసే ముందు బ్యాకప్: ఉద్దానం కంప్యూటర్లు

కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఓఎస్) తుడిచేసి కొత్తగా వేసే ముందు, అందులోని సమాచారాన్ని మరో చోటికి నకలు తీసి, ఆ నకలు సక్రమంగా తెరుచుకుంటోందని చూసుకోవడాన్ని బ్యాకప్ తీయడం అంటారు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి బజార్లలో ఈ పనంతటినీ కలిపి ‘ఫార్మాట్ కొట్టించడం’, ‘విండోస్ వేయించడం’ అంటుంటారు. లైసెన్సు ఉంటే విండోస్‌ను ఎన్నిసార్లయినా ఉచితంగా దించుకుని వేసుకోవచ్చు. సొంతంగా తయారుచేసుకున్న లెక్కలు, ఫొటోలు, పత్రాలు మాత్రం ఒకసారి పోతే ఎక్కడా దొరకవు. అందువల్ల ఈ పనిలో అసలు శ్రమ, సమయం పట్టాల్సింది విండోస్ వేయడానికి కాదు, అంతకుముందు జరిగే వెతుకులాటకు.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. ఇక్కడి కంప్యూటర్లు జీడిపప్పు పరిశ్రమల లెక్కల గదుల్లో, మీసేవ కేంద్రాల్లో, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో, డీటీపీ దుకాణాల్లో, రక్తపరీక్షల ల్యాబుల్లో, బడుల్లో, ఇళ్లలో ఉన్నాయి. ప్రభుత్వ సేవల్లో దరఖాస్తుల వివరాలు చాలావరకు కేంద్ర సర్వర్లలోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఒక కంప్యూటర్ పాడైనా పెద్ద నష్టం ఉండదు. ప్రైవేటు వ్యాపారాల్లో, ఇళ్లలో పరిస్థితి వేరు. అక్కడ ఉన్న ఒక్క హార్డ్ డిస్కే సర్వస్వం.

ఓఎస్ మళ్లీ వేయాల్సిన సందర్భాలు

యంత్రం నెమ్మదించడం, వైరస్ సోకడం, విండోస్ తెరుచుకోకపోవడం, పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించడం తరచుగా కనిపించే కారణాలు. వీటికి తోడు మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి, 2020 జనవరి 14న విండోస్ 7కు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. ఈ షరతులకు తూగని పాత యంత్రాల్లో కొందరు లినక్స్ వేసుకుంటున్నారు. ఏ దారి పట్టినా ముందు బ్యాకప్ తప్పదు.

వైరస్ విషయంలో 2017 మే నెల ఒక గుర్తు. ఆ నెల 12న ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ సోకింది. బాధిత జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అది ఫైళ్లకు తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగే రకం. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ చేయని యంత్రాలే దెబ్బతిన్నాయి. రాన్సమ్‌వేర్ సోకిన కంప్యూటర్‌ను తుడిచి మళ్లీ వేయక తప్పదు, అప్పుడు కాపాడేది అంతకుముందు తీసి విడిగా ఉంచిన నకలు మాత్రమే. కంప్యూటర్‌కు తగిలించి ఉంచేసిన ఎక్స్‌టర్నల్ డిస్కులోకీ ఈ తాళం పాకుతుంది.

అన్ని ‘మళ్లీ వేయడాలూ’ ఒకటి కావు. పాత విండోస్‌పైనే కొత్తదాన్ని అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు నిలుస్తాయి. ‘రీసెట్’లో ఫైళ్లు ఉంచే ఎంపిక తీసుకుంటే సొంత ఫైళ్లు మిగిలి ప్రోగ్రాములు పోతాయి. పార్టిషన్‌ను, అంటే డిస్కులోని ఒక భాగాన్ని, ఫార్మాట్ చేసి వేస్తే దానిలో ఏమీ మిగలదు. ఫార్మాట్ చేయకుండా అదే పార్టిషన్‌లో కొత్త విండోస్ వేసినప్పుడు పాతది ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది, కానీ కొద్ది రోజులకు విండోస్ దాన్ని తనంతట తాను తీసేయవచ్చు. మొదటి రెండు పద్ధతులూ మధ్యలో కరెంటు పోతే చెడిపోగలవు కాబట్టి వాటికీ బ్యాకప్ తీసుకోవాలి.

ఏది ఎక్కడ దాగి ఉంటుంది

‘డీ డ్రైవ్‌లో పెట్టాం, ఏం కాదు’ అన్న నమ్మకం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. చాలా కంప్యూటర్లలో సీ, డీ డ్రైవ్‌లు ఒకే డిస్కులోని రెండు భాగాలు. సీ డ్రైవ్‌ను తుడిచినంత మాత్రాన డీ పోదు, నిజమే. కానీ డిస్కే చెడిపోతే రెండూ పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్లన్నీ తీసేసి ఒకటిగా కలిపేస్తే అప్పుడూ పోతాయి. పైగా, డీలో పెట్టామనుకున్నవి చాలాసార్లు డీలో ఉండవు. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో, వాడే మనిషి పేరు మీద ఉంటాయి. ఒకే కంప్యూటర్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేరువేరు పేర్లతో వాడుతుంటే అన్ని పేర్ల ఫోల్డర్లూ చూడాలి.

పలాస జీడి వ్యాపారుల కంప్యూటర్లలో అన్నిటికంటే విలువైనవి ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసే లెక్కలు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 గ్రేడ్ల వారీ సరుకు నిల్వ, గుండ, బద్ద లెక్క, పిక్కల కొనుగోలు, ఊరూరా ఖాతాదారుల బాకీలు అందులో ఉంటాయి. అదంతా ఒక డేటా ఫోల్డర్‌లో, వ్యాపారం పేరు కూడా కనిపించని 10000, 100000 లాంటి అంకెల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటుంది. తెలియని మెకానిక్ వాటిని పనికిరాని ఫైళ్లనుకుని వదిలేయడం కష్టమేమీ కాదు. ట్యాలీలో కంపెనీ ఎంచుకునే తెర మీద డేటా ఫోల్డర్ దారి కనిపిస్తుంది, దాన్ని ముందుగా కాగితం మీద రాసుకోవాలి. ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ సదుపాయంతో ఒక నకలు, ట్యాలీని మూసేసి ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి మరో నకలు తీయడం మంచిది. ట్యాలీ తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు రావచ్చు. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి వెర్షన్ నంబరు కూడా రాసుకోవాలి. లైసెన్సు యంత్రానికి ముడిపడి ఉంటుంది, ఫార్మాట్‌కు ముందే దాన్ని సరెండర్ చేస్తే తర్వాత తిరిగి యాక్టివేట్ చేయడం సులువు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. అంటే ఈ ఫోల్డర్ పోతే వ్యాపారంతోపాటు చట్టపరమైన చిక్కూ వచ్చిపడుతుంది.

ఇక ఇళ్ల సంగతి. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఏళ్ల తరబడి కుటుంబాలను పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. ఇలాంటి జబ్బులో ఈ రోజు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే కొలత) ఎంత ఉందన్నదానితోపాటు గత నాలుగైదేళ్లలో అది ఏ వేగంతో పెరిగిందన్నదీ వైద్యుడికి కావాలి. ఈ రోజు రక్తపరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు, ఐదేళ్ల కిందటి పరీక్షను ఎవరూ మళ్లీ చేయలేరు. ల్యాబు నుంచి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన పీడీఎఫ్‌లు చాలా ఇళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అంకెల పేర్లతో పడి ఉంటాయి. బ్యాకప్ తీసేటప్పుడు చెత్త అని వదిలేసే మొదటి ఫోల్డర్ కూడా అదే. కాబట్టి డౌన్‌లోడ్స్‌ను తెరిచి చూడకుండా వదలకూడదు. రిపోర్టులను మనిషి పేరు, నెల, ఏడాదితో పేరు మార్చి ఒకే ఫోల్డర్‌లో చేర్చడానికి ఇదే తగిన సమయం. పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్, చదువుల ధ్రువపత్రాలు, విదేశాల్లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టు స్కాన్లు కూడా దీని పక్కనే ఉండదగినవి.

కంటికి కనబడని వాటి జాబితా ఇంకా ఉంది. ప్రతి వాడకందారు పేరు కింద ‘యాప్‌డేటా’ అనే దాగిన ఫోల్డర్ ఉంటుంది, ప్రోగ్రాముల సెట్టింగులు అందులోనే ఉంటాయి. అవుట్‌లుక్‌లో మెయిల్‌ను కంప్యూటర్‌లోకే దింపుకునేవాళ్ల ఉత్తరాలన్నీ పీఎస్‌టీ అనే ఒక్క ఫైల్‌లో ఉంటాయి, సర్వర్‌లో నకలు ఉండకపోవచ్చు. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డులు ఆ విండోస్ ఖాతాకే ముడిపడిన తాళంతో ఉంటాయి. ఫోల్డర్‌ను కాపీ చేసి కొత్త విండోస్‌లో పెడితే అవి తెరుచుకోవు. గూగుల్ ఖాతాతో సింక్ చేయడం, లేదా బుక్‌మార్కులు, పాస్‌వర్డులను ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమే మార్గం. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే దానికి ఏమీ కాదు, దాని డ్రైవర్ మళ్లీ వేస్తే చాలు. విండోస్‌లోనే దాచిన సర్టిఫికెట్ అయితే ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

డిస్కు మొత్తానికీ తాళం వేసే బిట్‌లాకర్‌ది వేరే కథ. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో, ముఖ్యంగా విండోస్ 11లో, యజమానికి తెలియకుండానే డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పడి ఉండవచ్చు. విండోస్ మళ్లీ వేశాక డీ డ్రైవ్ తాళం బొమ్మతో కనిపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా డిస్కులోనే ఉన్నా అందుబాటులో లేనట్టే. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫార్మాట్‌కు ముందే దాన్ని కాగితం మీద ఎక్కించుకోవడమో, ఎన్‌క్రిప్షన్ తీసేయడమో చేయాలి.

వన్‌డ్రైవ్ వాడేవాళ్ల డెస్క్‌టాప్ ఫైళ్లు కొన్ని పేరుకు మాత్రమే కంప్యూటర్‌లో ఉండి, అసలు ఫైల్ క్లౌడ్‌లో ఉంటుంది. పక్కన మబ్బు గుర్తు ఉంటే అది పూర్తిగా దిగలేదని అర్థం.

తెలుగు డీటీపీ ఫైళ్లు, ఫాంట్లు

శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు తయారుచేసే దుకాణాలకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి గౌతమి వంటి యూనికోడ్ ఫాంట్లు విండోస్‌తోనే వస్తున్నా, అచ్చుపనిలో ‘అను’ ఫాంట్లదే ఎంతోకాలం రాజ్యం. ఇవి యూనికోడ్ కావు. పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో అను ఫాంట్‌తో కొట్టిన ఫైల్‌ను ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని కంగారుపడి తొలగించేవాళ్లున్నారు. ఫైల్ బాగానే ఉంటుంది, లేనిది ఫాంటే. అందుకే డిజైన్ ఫైళ్లతోపాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను, దాని లైసెన్సు వివరాలను, అలవాటైన కీబోర్డు లేఅవుట్ ఎంపికను కలిపి దాచుకోవాలి. డిజైన్‌లో వాడిన ఫొటోలు పేజ్‌మేకర్ ఫైల్ లోపల కాకుండా లింకుగా వేరే ఫోల్డర్‌లో ఉండవచ్చు, ఆ ఫోల్డర్లు కూడా వెంట రావాలి. ముఖ్యమైన ప్రతి డిజైన్‌కూ ఒక పీడీఎఫ్ తీసి ఉంచితే, ఏ కారణంతో సాఫ్ట్‌వేర్ దొరక్కపోయినా కనీసం అచ్చుకు పనికొస్తుంది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది, అందువల్ల ఈ జాగ్రత్తకు విలువ ఏటేటా పెరుగుతోంది.

నకలు ఎక్కడ ఉంచాలి

మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 సూత్రాన్ని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు. ఇందులోని మూడో అంశం విలువ ఉద్దానానికి బాగా తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి, స్తంభాలు విరిగి అనేక గ్రామాలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. పైకప్పు లేచిన గదిలో వాన పడితే కంప్యూటరూ, దాని పక్కనే బీరువాలో పెట్టిన బ్యాకప్ డిస్కూ ఒకేసారి తడుస్తాయి. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల దగ్గర ఒక నకలు ఉంచడం ఇక్కడి కుటుంబాలకు కష్టమైన పని కాదు, దాదాపు ప్రతి ఇంటికీ అక్కడ ఒకరుంటారు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజుల్లో ఓఎస్ వేసే పని పెట్టుకోకుండా, నకలు తీసి పాలిథిన్ సంచిలో మూటగట్టి ఎత్తులో ఉంచాలి.

పెన్ డ్రైవ్ చేరవేతకు మంచిదే, దాచుకోవడానికి కాదు. చాలా తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అని అమ్మే నకిలీ పెన్ డ్రైవ్‌లలో నిజంగా పట్టేది కొద్దిగానే. మిగతాది కాపీ అయినట్టు చూపించి పాడుచేస్తాయి. ఎఫ్‌ఏటీ 32 పద్ధతిలో ఫార్మాట్ అయిన డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఒక్క ఫైల్ పట్టదు. పెద్ద పీఎస్‌టీలు, పెళ్లి వీడియోలు అక్కడే ఆగిపోతాయి, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకుంటే సరి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఇంటికీ దుకాణానికీ సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ వేగంగా పనిచేసినా, కరెంటు తగలకుండా వేడిలో ఏళ్ల తరబడి పడి ఉంటే డేటా నిలుపుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి బీరువాలో దాచే నకలుకు హార్డ్ డిస్కే మేలు. తీరంలోని ఉప్పుగాలి, తేమ లోహపు కొనలను తినేస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో మూత బిగుతుగా ఉండే డబ్బా వాడాలి.

క్లౌడ్‌లో గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఉచితంగా ఇస్తాయి. ట్యాలీ లెక్కలకు, వైద్య రిపోర్టులకు ఇది ధారాళంగా సరిపోతుంది. ఫొటోలు, వీడియోలు అలా కాదు. 50 జీబీ డేటాను సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపడానికి సుమారు 11 గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే. అదే డేటా యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కులోకి చాలావరకు అరగంటలోపే చేరుతుంది, చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

ఫైళ్లను విడిగా కాపీ చేయడానికి బదులు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ప్రతిరూపంగా తీసే పద్ధతి ఉంది, దాన్ని ఇమేజ్ అంటారు. ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లాతో ఈ పని చేయవచ్చు. ఏదో ఒక ఫోల్డర్ మరిచిపోయామన్న భయం దీనితో తీరిపోతుంది. ఎక్కువ చోటు తీసుకోవడమే ఇబ్బంది. ఒకే రకం యంత్రాలు వరుసగా ఉండే కళాశాల ల్యాబుల్లో ఇది బాగా అక్కరకొస్తుంది. దుకాణంలో మాత్రం ఫైళ్ల కాపీ, ఇమేజ్ రెండూ తీయడమే క్షేమం.

సరిచూసుకోవడం

కాపీ అయిపోయిందన్న సందేశం రాగానే ఫార్మాట్‌కు పోవడం తొందరపాటు. పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ రెండింటి ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు పక్కపక్కన పోల్చాలి. తర్వాత డిస్కును తీసుకెళ్లి మరో కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫైళ్లు తెరవాలి: పాతది ఒక ఫొటో, పెద్దది ఒక వీడియో, ఒక పీడీఎఫ్ రిపోర్టు. ట్యాలీ బ్యాకప్‌ను ఆ రెండో యంత్రంలో రీస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరు, ఒక ఖాతాదారు నిల్వ అసలుతో సరిపోతున్నాయా అని చూడాలి. బిల్లు నంబరు కలిస్తేనే అది బ్యాకప్.

డిస్కు టక్ టక్ మని చప్పుడు చేస్తున్నా, ఫైళ్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతున్నా ఈ క్రమం మారుతుంది. అలాంటి డిస్కు ఎంతసేపు బతుకుతుందో తెలియదు కాబట్టి అతి విలువైన ఫోల్డర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీయాలి, సరిచూసే పని నకలు మీదే చేయాలి.

ఇన్‌స్టాల్ చేసే వేళ

ఇన్‌స్టాలర్ పెన్ డ్రైవ్‌కు కనీసం 8 జీబీ కావాలి, దాన్ని తయారుచేస్తే అందులో అంతకుముందున్నవన్నీ పోతాయి. బ్యాకప్ తీసిన పెన్ డ్రైవ్‌నే ఇందుకు వాడి అంతా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. వైఫై, ల్యాన్ డ్రైవర్లను వేరుగా దించి ఉంచుకోవాలి, లేకపోతే కొత్త విండోస్‌కు నెట్ అందక మిగతా డ్రైవర్లు దించుకోవడం కుదరదు. మీసేవ తరహా కేంద్రాలు వేలిముద్ర యంత్రం డ్రైవర్, దానికి కావలసిన ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్లను కూడా సిద్ధం చేసుకోవాలి.

డిస్కు ఎంచుకునే తెరలో సీ, డీ అన్న అక్షరాలు కనిపించవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అంటూ వరుస, పక్కన సైజు, పేరు పెట్టి ఉంటే ఆ పేరు వంటివే ఉంటాయి. ఏది ఏదో పోల్చుకోలేక పొరపాటున డేటా ఉన్న భాగాన్ని తుడిచేయడం ఇక్కడే జరుగుతుంది. ముందురోజే ప్రతి పార్టిషన్‌కూ ‘లెక్కలు’, ‘ఫొటోలు’ లాంటి పేరు పెట్టి, సైజులు రాసుకుంటే గుర్తుపట్టడం సులువు. బ్యాకప్ డిస్కును కంప్యూటర్ నుంచి పీకేసి పక్కన పెట్టాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాలి. ల్యాప్‌టాప్‌కు చార్జర్, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి.

పొరపాటు జరిగిపోతే ఆ క్షణం నుంచి ఆ డిస్కులో ఒక్క అక్షరం కూడా రాయకూడదు. హార్డ్ డిస్కు మీద క్విక్ ఫార్మాట్ సూచికను మాత్రమే చెరుపుతుంది, వెంటనే రికవరీకి ఇస్తే చాలా ఫైళ్లు వెనక్కి రావచ్చు. ఫుల్ ఫార్మాట్ విండోస్ విస్టా నాటి నుంచి డిస్కంతా సున్నాలు నింపుతుంది, దాని తర్వాత ఆశ లేదు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు తుడిచిన భాగాలను తనంతట తాను ఖాళీ చేసేస్తుంది కాబట్టి అక్కడ క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా దొరికేది తక్కువే.

తిరిగి పెట్టుకోవడం

కొత్త విండోస్‌లో మొదట నెట్ డ్రైవర్, తర్వాత అప్‌డేట్లు వేయాలి. ఆ పైన బ్యాకప్ డిస్కును వైరస్ స్కాన్ చేసి, ఫాంట్లు, ప్రోగ్రాములు, చివరగా డేటా పెట్టుకోవాలి. విండోస్ 10 నుంచి లైసెన్సు చాలావరకు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, నెట్ తగిలాక తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. పాత విండోస్ ఖాతా కింద ఉన్న ఫోల్డర్లు ‘అనుమతి లేదు’ అని మొరాయిస్తే, అడ్మినిస్ట్రేటర్‌గా ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని కొత్త ఖాతాకు మార్చుకుంటే తెరుచుకుంటాయి. యాప్‌డేటాను మూటగా తెచ్చి కొత్తదానిమీద కుమ్మరించకూడదు, పాత జబ్బులూ దానితోపాటే వస్తాయి. కావలసిన ప్రోగ్రాము ఫోల్డర్‌ను మాత్రమే ఏరి తెచ్చుకోవాలి.

పనంతా సర్దుకున్నట్టు కనిపించినా బ్యాకప్ డిస్కును వెంటనే ఖాళీ చేయకుండా కనీసం ఒక జీఎస్టీ రిటర్ను దాఖలయ్యే వరకు, వీలైతే ఒక ఆర్థిక సంవత్సరం ముగిసే వరకు కదల్చకుండా ఉంచాలి. మరిచిపోయిన ఫోల్డర్ సంగతి దాని అవసరం పడినప్పుడే బయటపడుతుంది. ట్యాలీ పాత వెర్షన్ల డేటాను 72 నెలల గడువు దాకా ఉంచేవాళ్లు, ఆ వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను కూడా అదే డిస్కులో పెట్టుకోవాలి.